మన యింటివారి గడియలు ఎవరివి?

ధ్యాన భాగము: ఫిలేమోనునకు వ్రాసిన పత్రిక, 8 నుండి 14 వచనములు



ఈ నెల నేను తీసికొన్న సంగతి కొందరికి వింతగా తోచవచ్చును. ఇంటిలోని కంప్యూటరులో కుటుంబ సమయపట్టిక పెట్టుకొనుటను గూర్చి వ్రాయబోవుచున్నాను. నాట్లకు పోవువారికి, గొఱ్ఱెలు కాచుకొనువారికి దీనితో పని యేమి అని మీరడుగుదురు. నేనును మొదట అట్లే అనుకొంటిని. అయితే ఆ పట్టిక మా యింట ఒక ప్రశ్నను లేపినది. కంప్యూటరు లేని యింట కూడ ఆ ప్రశ్న ఉన్నదని తోచినందున వ్రాయుచున్నాను. మన గోడకు వ్రేలాడు క్యాలెండరు మీద పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేది, చీటీ కట్టవలసిన తేది, డ్వాక్రా మీటింగు తేది వ్రాసికొనుచున్నాము గదా. అదియు సమయపట్టికయే. ఆ గడులలో ఎవరు వ్రాయుదురు? ఎవరి దినమును వ్రాయుదురు? వ్రాయకముందు ఎవరినైనను అడుగుదురా?

జరిగినది జరిగినట్లు చెప్పెదను. మా కుమారుని చదువు నిమిత్తము పట్టణములో ఒక పాత కంప్యూటరు కొంటిమి. కొన్న మూడవ నాడే దాని గడియారము తప్పినది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారి కొన్ని యేండ్ల క్రిందటి తేదిని చూపెడిది. తేది తప్పుగా నుండుటచేత ఇంటర్నెట్టు పేజీలును తెరువబడలేదు. మీ గడియారము సరిగా లేదు, ఇది భద్రము కాదు అని చెప్పి ఆగిపోయెడిది. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉండును. సీఆర్ 2032 అని దాని పేరు, 3 వోల్టులది. అది అయిపోయినదని తెలిసి మార్పించిన పిమ్మట అంతయు సరియైనది. యంత్రమంతయు బాగుండియు నేడు ఏ దినమో ఎరుగనందున ఒక్క తలుపును తెరువలేకపోయెనని నేను నవ్వుకొంటిని. ఆ నవ్వు నా మీదికే తిరిగి వచ్చునని అప్పుడు తెలియదు.

తరువాత హైదరాబాదులో నర్సింగు చదువుచున్న మా అమ్మాయి ఫోనులో చెప్పుచుండగా గూగుల్ క్యాలెండరు పెట్టుకొంటిమి. ఇది 2006వ సంవత్సరములో మొదలైనది. ఇంటి వాడుకకు వెల లేదు, తెలుగులోను చూచుకొనవచ్చును. ఒక్కొక్కరికి ఒక పుట, ఒక్కొక్క పుటకు ఒక రంగు. నాది నీలము, మా యింటివారిది ఆకుపచ్చ, అబ్బాయిది నారింజ, అమ్మాయిది ఊదా. అందరి పుటలు ఒకదానిమీద ఒకటి పెట్టి చూచినచో వారమంతయు కంటియెదుట నుండును. ఆదివారపు ఆరాధన, బుధవారము స్త్రీల కూటము, శుక్రవారము ఉపవాస ప్రార్థన ఒక్కసారి వ్రాసి ప్రతి వారమని చెప్పిన చాలును. ప్రభురాత్రి భోజనము నెలకు మొదటి ఆదివారమని చెప్పవచ్చును. క్రిస్మసు ప్రతి యేట అని చెప్పవచ్చును. ఈస్టరును అట్లు చెప్పరాదు. మార్చి 21న గాని దాని తరువాత గాని వచ్చు పున్నమిని చూచి, దాని వెనుక వచ్చు ఆదివారమును పట్టుకొనవలెను గనుక 2026లో అది ఏప్రిల్ 5న, 2027లో మార్చి 28న పడును. కువైటులోనున్న మా బావమరిదితో ఆదివారము రాత్రి 8 గంటలకు ప్రార్థన అని వ్రాసితిమి. అతని ఫోనులో అదే సాయంకాలము 5.30 అని కనబడును. అక్కడివారికి సెలవు శుక్రవారము గనుక సంఘములు ఆ దినమే కూడుకొనును. ఇవన్నియు చూచి నాకు సంతోషము కలిగెను. ఇంటి గుమ్మములో నిలిచి కుటుంబమంతటిని ఒకే చూపున చూచినట్లుండెను.

మన సంఘపు పెద్దలలో ఒకరు అది చూచి, “అయ్యగారూ, రేపేమౌతుందో మనకేం తెలుసు? అంతా ముందే రాసేసుకుంటే ఇక దేవుడికి చోటెక్కడ?” అనిరి. యాకోబు పత్రిక నాలుగవ అధ్యాయము ఆయన మనస్సులో నున్నది. మంచి మాటయే గాని, యాకోబు గద్దించినది పట్టణమునకు పోయి వర్తకము చేయుటను కాదు. రేపు మన చేతిలో నున్నట్లు అతిశయించుటను. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు తన ప్రయాణమంతయు ముందుగా వ్రాసి పంపెను. ప్రభువు సెలవిచ్చినయెడల అని చేర్చెను. పిమ్మట ఆ ప్రయాణము మారినది. మారినందుకు ఆయన రెండవ పత్రిక మొదటి అధ్యాయములో ఎంత వేదనతో జవాబు చెప్పుకొనెనో చదివి చూడుడి. చపలచిత్తుడనని తలంచితిరా అని అడుగుచున్నాడు. కంప్యూటరులో ఒక కూటమును మంగళవారము నుండి గురువారమునకు జరుపుటకు మౌసుతో లాగిన చాలును, అర నిమిషము పట్టదు. వేపచెట్టు క్రింద చాప పరచుకొని కూర్చున్న వితంతువునకు ఆ సంగతి ఎవరు చెప్పవలెను? వ్రాయుట అవిశ్వాసము కాదని పెద్దగారితో అంటిని. ఆయన ఒప్పుకొనిరో లేదో గాని, కాఫీ త్రాగి వెళ్లిరి.

ఇంతవరకు నాకు భయము లేదు. తప్పు మరియొక చోట ఉన్నది.

ఆకుపచ్చ పుటలో నేనే రెండు సంగతులు వ్రాసితిని: మా అమ్మగారి మాత్రల వేళలు, శనివారము మందిరము శుభ్రము చేయించుట. ఆమెను అడుగలేదు. అడుగవలెనని తోచనుకూడ లేదు. ఒక రాత్రి నేను అట్లు వ్రాసికొనుచుండగా ఆమె గుమ్మము దగ్గర నిలిచి, “వచ్చే గురువారం అమ్మకి కంటి ఆపరేషనండీ, శుక్లాలు తీస్తారంట. నేను వెళ్లాలి” అనెను. నేను తల యెత్తకయే “ఊఁ” అంటిని. ఆ మాట నా చెవిలో పడెను గాని పట్టికలో పడలేదు.

మూడు దినముల తరువాత ప్రక్క గ్రామమునుండి ఒక కుటుంబమువారు ఫోను చేసి, క్రొత్త యింటి ప్రతిష్ఠ కూటము గురువారము పెట్టుకొనుచున్నాము, అమ్మగారిని కూడ తీసికొని రండి, పాటలు ఆమెయే నడిపించవలెను అనిరి. కంప్యూటరు తెరచి చూచితిని. నా పుట ఖాళీ. ఆకుపచ్చ పుటలో మాత్రలు తప్ప మరేమియు లేదు. “ఖాళీయే, ఇద్దరమూ వస్తాం” అని మాట ఇచ్చితిని. భోజనము వేళ చెప్పగా ఆమె చేతిలోని గరిటె అట్లే నిలిచిపోయెను. “ఆ రోజు అమ్మకి ఆపరేషనని చెప్పాను కదండీ” అనెను. అప్పుడు నేను పలికిన మాట వ్రాయుటకు సిగ్గుపడుచున్నాను. “పట్టికలో లేదే” అంటిని. కొంతసేపటికి ఆమె, “మీరు మాట ఇచ్చేశారుగా” అని, పళ్లెములో పచ్చడి వేసి లోపలికి వెళ్లెను.

గురువారము ఆమె వచ్చెను, పాటలు నడిపించెను, అందరును మెచ్చుకొనిరి. మా అత్తగారిని పొరుగింటి కుఱ్ఱవాడు ఆసుపత్రికి తీసికొని వెళ్లెను. లోపలికి తీసికొని పోకముందు ఆమె, పెద్దమ్మాయి వచ్చిందా అని రెండుసారులు అడిగెనని రాత్రి ఫోనులో తెలిసినది. దేవుని కృపవలన చూపు బాగుగానే వచ్చినది. చూపు వచ్చినది గనుక నా తప్పు తగ్గినదని నేననుకొనుట లేదు.

మరునాడు రాత్రి ఆమె కంప్యూటరు బల్ల తుడుచుచు, “ఏమండీ, ఈ ఆకుపచ్చది నాదేనా?” అనెను. అవునంటిని. “ఇంత ఖాళీగా ఉందేంటండీ? పొద్దున్నుంచీ నేనేం చేయట్లేదా?” ఆమె గొంతులో కోపము లేదు. కోపమున్నయెడల నేను జవాబు చెప్పియుందును.

ఇద్దరము కూర్చుంటిమి. ఆమె చెప్పుచుండగా నేను వ్రాసితిని. 4.30కు లేచుట, పంపు నీళ్లు పట్టుట, పొయ్యి, అమ్మగారికి స్నానము, 7.15 లోపల అబ్బాయి క్యారేజి, వచ్చిపోవువారికి కాఫీలు, మధ్యాహ్నము జబ్బు పడినవారి యిండ్లకు వెళ్లుట, బట్టలు, మరల పొయ్యి. ప్రతి పనికిని మొదలెప్పుడు ముగింపెప్పుడు అని ఆ యంత్రము అడుగును. చెప్పనియెడల తానే ఒక గంట అని వేసికొనును. రాత్రివేళ మా అమ్మగారు పిలిచినప్పుడెల్ల లేచుటకు మొదలు లేదు, ముగింపు లేదు. దానిని ఎక్కడ వ్రాయవలెనో నాకు తెలియలేదు. బుధవారమునకు వచ్చునప్పటికి ఆకుపచ్చ అంతటిని కప్పివేసెను, నా నీలము కనబడలేదు. ఆమెకు నవ్వు వచ్చెను. “చాలండి, తీసేయండి. ఇవన్నీ రాయక్కర్లేదు. నా రోజు ఇంకొకళ్లకి ఇచ్చేముందు నన్నొక్క మాట అడగండి, అంతే” అనెను.

ఆ రాత్రి నేను ఫిలేమోను పత్రిక తీసితిని. సెమినరీలో దానిని పలుమారులు చదివితిని, దాసుడైన ఒనేసిమును గూర్చి ప్రసంగములును చేసితిని. ఈ కన్నుతో చదువలేదు. ఆజ్ఞాపించుటకు తనకు క్రీస్తునందు ధైర్యము కలదని పౌలు ఎనిమిదవ వచనములో దాచక చెప్పుచున్నాడు. ఆయన అధికారము లేనివాడై అడుగుట లేదు. ఒనేసిమును తనయొద్ద ఉంచుకొనవలెనని కోరిక యున్నది. చెరలో పరిచర్యకు మనుష్యుడు కావలసియున్నది. అది సువార్త పనియే. అయినను నీ సమ్మతి లేక చేయనొల్లనైతినని పదునాలుగవ వచనములో అనుచున్నాడు. నేను గురువారము చేసినది దీనికి సరిగా ఎదురు. నా కూటము దేవుని పని గనుక ఆమె దినము దానంతట అదే నాదగునని తలంచితిని.

ఈ పత్రికను ఇంకను కొంచెము త్రవ్వవలెను, ఏలయనగా ఇందులో నెమ్మది కలిగించని సంగతులును కలవు. పౌలు ఫిలేమోనును అడిగెను. ఒనేసిము మనస్సును ఎవరు అడిగిరో పత్రికలో లేదు. యజమానుడు, అపొస్తలుడు ఒకరి సమ్మతి ఒకరు చూచుకొనుచుండగా ఆ దాసుని దినములు వారిద్దరి నడుమ నున్నవి. మరియు ఈ పత్రిక ఫిలేమోనుకు మాత్రమే కాదు, అతని యింటనున్న సంఘమునకును వ్రాయబడినది. పదిమంది యెదుట చదువబడిన తరువాత, నీవే నాకు ఋణపడియున్నావని పందొమ్మిదవ వచనములో వినిన తరువాత, అతడు కాదనుట ఎంత కష్టము! అపొస్తలుని తప్పు పట్టుట లేదు. ఆయన ఎవరి మేలు కొరకు అంత గట్టిగా అడిగెనో మనమెరుగుదుము. మనము అడుగు విధమును చూచుకొనవలెనని చెప్పుచున్నాను. అతిథులు చాప మీద కూర్చున్న తరువాత వంటింటి గుమ్మమునకు వచ్చి, వీరికి భోజనము పెట్టెదవా అని అడుగుటను మనము అడుగుట అనవచ్చునా? ఆ వేళ ఆమె ఏమి జవాబు చెప్పగలదు? ఇరువది రెండవ వచనములో పౌలు తనకు బస సిద్ధము చేయుమనెను. రెండవ వచనములో అప్ఫియ అను సహోదరి పేరున్నది. ఆమె ఫిలేమోను భార్యయని అనేకులు తలంతురు. ఆ బసకు వంట ఎవరు చేసిరో నేను ఇదివరకు ఎన్నడును తలంచలేదు.

భర్త శిరస్సు గదా, శిరస్సు అవయవమును అడుగుట ఏమి అని కొందరు సహోదరులు నాతో వాదించిరి. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయమును వారు ఇరువది మూడవ వచనముతో ఆపుచున్నారు. ఇరువది అయిదవ వచనములో ఆ శిరస్సు తన్నుతాను అప్పగించుకొనెను. ఆ ప్రభువే, యెరికో మార్గమున కేకలు వేసిన గ్రుడ్డివానిని దగ్గరకు పిలిచి, నీకేమి కావలెనని అడిగెను. వానికి ఏమి కావలెనో అక్కడ తెలియనివారు ఎవరు? అయినను వాని నోట వినువరకు ఆగెను.

మన సంఘములో ఈ మాట పాస్టరు యింటికి మాత్రమే చెందినది కాదు. నాట్లకు, కలుపుకు పోవు సహోదరీలను చూడుడి. ఎన్ని గంటలకు రావలెనో మేస్త్రీ చెప్పును, ఏ పొలమునకో రైతు చెప్పును; వారు అడుగరు. సాయంకాలము ఇల్లు చేరిన పిమ్మట భర్తయు అడుగడు. పాస్టరును అడుగడు, ఉజ్జీవ కూటములకు మూడు రాత్రులు రండి అని ప్రకటన చేసి దిగివచ్చును. ఆమె ఏ గడియను తనదని దేవుని సన్నిధిలో చెప్పగలదు?

విశ్రాంతి దినపు ఆజ్ఞను మరల చదివితిని. నిర్గమకాండము ఇరువదవ అధ్యాయములో నీవు, నీ కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, నీ యింటనున్న పరదేశి అని అందరును ఉన్నారు. ద్వితీయోపదేశకాండము అయిదవ అధ్యాయములో ఎద్దును గాడిదను కూడ చెప్పి, దాసదాసీలు నీవలెనే విశ్రమింపవలెనని చేర్చి, ఐగుప్తులో నీవును దాసుడవై యుంటివని జ్ఞాపకము చేయుచున్నది. భార్య అని వేరుగా చెప్పబడలేదు. నీవు అను మాటలో ఆమెయు ఉన్నదని బోధకులు చెప్పుదురు, అది నిజమే. అయితే మా యింట ఆదివారము ఎవరు విశ్రమించుచున్నారు? ఎద్దు విశ్రమించుచున్నది. ఆరాధన కాగానే దూరమునుండి వచ్చినవారికి భోజనము. లూకా పదియవ అధ్యాయములోని మార్తను గూర్చి నేను మూడు నాలుగు ప్రసంగములు చేసితిని. మా యింటివారు ఒకసారి నవ్వుచు, “మార్త మీద ప్రసంగం చెప్పిన రోజు కూడా పదిమందికి వండానండీ” అనిరి. నేనప్పుడు హాస్యమనుకొంటిని.

ఇక కంప్యూటరు సంగతికి వచ్చెదను. దానిని తీసివేయవలెనా అని ఆలోచించితిని. తప్పు దానిది కాదు. అందులో ఒకరి పుటను మరియొకరికి చూపుటకు నాలుగు విధములున్నవి: ఖాళీయా కాదా అని మాత్రమే తెలియునట్లు, వివరములన్నియు కనబడునట్లు, దిద్దుటకు కూడ సెలవిచ్చునట్లు, ఇతరులకు పంచు అధికారము కూడ ఇచ్చునట్లు. నేను అందరి పుటలకును దిద్దు అధికారమును నాకు వేసికొంటిని. వేరొక త్రోవ కూడ అందులోనే ఉన్నది. ఒక కూటము వ్రాసి అవతలివారికి ఆహ్వానము పంపవచ్చును. వారు వచ్చెదననియో, రాననియో, చెప్పలేననియో మూడింటిలో ఒకటి నొక్కుదురు. అడుగు త్రోవ ఎదుట నుండగా నేను దానిని చూడక ఆజ్ఞ త్రోవను పట్టితిని. ఇప్పుడు ఆకుపచ్చ పుటను దిద్దు అధికారము నాకు లేదు, చూచుట మాత్రమే. ఆమె ఫోనుకు మొదటి ఆహ్వానము పంపినప్పుడు ఆమె “రాను” అని నొక్కెను. ప్రక్క గదిలోనే ఉండి! నాకు చురుక్కుమనెను. అడుగుట నేర్చుకొంటినని సంతోషించినవాడను, కాదనుట వినుట నేర్చుకొనలేదు.

అమ్మాయి ఊదా పుటలో ఒక గడి వివరము లేక, ఉన్నదని మాత్రమే కనబడునట్లు పెట్టుకొన్నది. తండ్రినైనందున నాకు అనుమానము వచ్చెను. అయితే నా నీలపు పుటలోను అట్టి గడులున్నవి. ఎవరి యింట ఏ కలహము తీర్చుటకు వెళ్లితినో, ఎవరు కన్నీళ్లతో ఏమి ఒప్పుకొనిరో ఇంటివారికి చూపతగదు గనుక “దర్శనము” అని మాత్రము వ్రాయుదును. గది తలుపు వేసికొని ప్రార్థించుమని ప్రభువు చెప్పినప్పుడు, ఆ తలుపు తండ్రులకు మాత్రమే ఇయ్యలేదు. ఇరువది యేండ్ల పిల్లను తలుపు తట్టి అడుగవలెను గాని గడియ విరుగగొట్టరాదని ఊరకుంటిని. ఈ విషయములో నేను చేసినది సరియో కాదో, ఆడపిల్లలను దూరమునకు పంపిన తలిదండ్రులు నాకు చెప్పవలెను. నా మనస్సు ఇంకను పూర్తిగా నిలువలేదు.

మొన్న ఒక సహోదరుడు ఫోను చేసి, మనుమని పుట్టినదినపు కృతజ్ఞత కూటము వచ్చే బుధవారము మధ్యాహ్నము పెట్టుకొనుచున్నాము, అమ్మగారిని కూడ తీసికొని రండి అనెను. కంప్యూటరు నా యెదుటనే తెరువబడియున్నది. ఆ మధ్యాహ్నము ఆకుపచ్చ పుటలో ఏమియు లేదు. నేను వస్తాను, అమ్మగారి మాట ఆమెను అడిగి సాయంకాలము చెప్పుతానంటిని. ఆయనకు అది క్రొత్తగా నుండెను కాబోలు, “అదేంటి అయ్యగారూ, ఇంట్లో లేరా?” అనెను. ఇంట్లోనే ఉన్నారంటిని.